మెట్ల కింది తొమ్మిదో సీసా

ఉప్పల్ నుంచి నాచారం వెళ్లే రోడ్డు మీద ద్రాక్షపళ్ల బండి కనిపిస్తే నేను తల తిప్పుకుంటాను. మా ఆవిడ దీన్ని చాలాకాలంగా నా పిసినారితనం అనుకుంటోంది. నేనూ అనుకోనిచ్చాను. అసలు సంగతి చెప్పుకోవడం కంటే పిసినారి అనిపించుకోవడమే నయమనిపించింది.

పోయిన నెల ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. "అన్నా, నేను నాచారం పెద్దాయన మేనల్లుణ్ని. మామ పోయిండు. మీ సీసా ఒకటి ఈడ ఉన్నది, వచ్చి తీస్కపోండ్రి" అన్నాడు. ఎప్పుడు పోయారు, ఎలా పోయారు, ఎవరు దగ్గరున్నారు, ఇలాంటప్పుడు ఎవరైనా అడిగేవన్నీ అడిగాను. ఏం సీసా అని మాత్రం అడగలేదు. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే చెవులు కాలిపోతున్నాయి.

ఎనిమిదేళ్ల కిందటి దాకా మేం ఆయన ఇంట్లో పైవాటాలో అద్దెకుండేవాళ్లం. నాది తెనాలి పక్క ఊరు, నాచారంలో ఒక మందుల కంపెనీలో ఉద్యోగం. ఆయనది మెదక్ వైపు. కుర్రతనంలో ఉప్పల్‌లో ద్రాక్షతోట పనికి వచ్చి, ఆ తోట ప్లాట్లయిపోయాక ఫ్యాక్టరీలో చేరారు. నేను చూసేనాటికి రిటైరై, భార్య పోయి, ఒంటరిగా ఉండేవారు. మొదటిరోజు నేను "అంకుల్" అంటే, "అంకులేంది? నేనేమన్న ఇంగ్లీషు బడి పెట్టిన్నా? పెద్దనాయిన అను" అన్నారు. మా వైపు అలవాటుతో పెదనాన్నా అని పిలిచేవాళ్లం. నిజానికి అలా పిలిచేది మా ఆవిడ. నేను అవసరం ఉన్నప్పుడు పిలిచేవాణ్ని.

ఆ ఇంట్లో మెట్ల కింద ఒక చిన్న అర్ర ఉండేది. వేరే ఇళ్లలో నీళ్ల మోటారూ పాత సైకిలూ పెట్టుకునే చోటు. నడుం వంచి లోపలికి వెళ్లాలి. నేల మీద మోకాలి లోతు ఇసుక, ఇసుకలో అడ్డంగా పడుకోబెట్టిన సీసాలు, వాటి మీద తడి గోనెపట్టా. ఎండాకాలం ఆ పట్టాను రోజుకు మూడుసార్లు తడిపేవారు. మా పైవాటాకు నీళ్లు రాని రోజుల్లో కూడా దానికి మాత్రం వచ్చేవి. మొదటి ఏడాది ఈ సంగతి మీద మా ఇద్దరికీ కాస్త మాటామాటా అయింది కూడా.

క్రిస్మస్‌కు రెండు నెలల ముందు ఆయన నల్లద్రాక్ష తెచ్చి, కడిగి ఆరబెట్టి, చేత్తో చిదిపి జాడీలో వేసేవారు. చక్కెర, గుప్పెడు గోధుమలు, నాలుగు లవంగాలు, దాల్చినచెక్క. మూతికి పల్చటి గుడ్డ కట్టి ఇరవయ్యొక్క రోజులు చెక్క గరిటెతో కలపడం. ఆ వీధిలో ప్రార్థనకు వెళ్లే ఇళ్లన్నిటా ఇది మామూలే. కేకుతో పాటు తలా గ్లాసూ పంచి, జనవరికల్లా జాడీలు కడిగి బోర్లించేస్తారు. ఈయన ఒక్కరే ఏటా రెండు సీసాలు వడగట్టి, బిరడా బిగించి, కొవ్వొత్తి మైనంలో మెడ ముంచి, అర్రలోకి పంపేవారు. ఎందుకండీ అంటే, "పండుగైతే చెప్పి వస్తది. చెప్పకుండ వచ్చేదానికి ఏమన్న ఉండాలె గద" అనేవారు.

ఆదివారం ప్రార్థన నుంచి వచ్చాక, ఆ తెల్లచొక్కా మార్చకుండానే, అర్రలో దూరేవారు. సీసా ముట్టేముందు భుజం మీది తువ్వాలుతో చేతులు తుడుచుకునేవారు, చేతులు శుభ్రంగానే ఉన్నా సరే. ఒక్కో సీసా ఎత్తి, వెంటిలేటర్లోంచి పడే వెలుగుకు పట్టి, గోటితో రెండుసార్లు కొట్టి, చెవి దగ్గర పెట్టుకునేవారు. ఏం వినబడుతుందో ఆయనకే తెలియాలి. "ఇంకా పండుకున్నది" అని మళ్లీ ఇసుకలో పెట్టేవారు. ఇంత ముచ్చట పడే మనిషి తాగేది ఏడాది మొత్తానికి నాలుగు గుక్కలు ఉంటుందేమో.

ప్రతి సీసా మెడకూ దారంతో ఒక అట్టముక్క వేలాడేది. ఇంటికి వచ్చిన పెళ్లిపత్రికలన్నీ దాచి, వాటి వెనకవైపు అట్టను కత్తిరించి వాడేవారు. దాని మీద ఏ సంవత్సరం సరుకో రాసేవారు కాదు, దేనికోసం పెట్టారో రాసేవారు. 'అక్క మోకాలు మంచిగైతే.' 'ఎదురింటాయన మాట్లాడితే.' ఎదురింటాయనకూ ఈయనకూ మురిక్కాలువ మీద పదేళ్లుగా మాటల్లేవు. ఆ సీసా నేనుండగానే తీశారు. ఎదురింటాయన ఎవరికో రక్తం కావాలని గేటు దగ్గరికి వచ్చాడు. ఈయన దవాఖానాకు వెళ్లి రక్తమిచ్చి, తిరిగొచ్చి, ఇద్దరూ మెట్ల మీద కూర్చుని సీసా ఖాళీ చేశారు. కాలువ గురించి మర్నాటి నుంచి మళ్లీ తిట్టుకున్నారనుకోండి, అది వేరే సంగతి.

సీసా ఎప్పుడు తియ్యాలన్న దాని మీద ఆయనకు గట్టి పట్టింపులుండేవి. తారీఖు కోసం తియ్యకూడదు, మనిషి కోసం తియ్యాలి. తీసింది అదే పూట అయిపోవాలి, మళ్లీ బిరడా పెట్టకూడదు. అన్నిటికంటే పెద్ద పట్టింపు ఒకటుంది. "అడిగినోనికి తియ్య. అడిగినోనికి గది మందు. అడగనోనికే గది ద్రాచ్చపండు" అనేవారు.

అర్రలో అన్నిటికంటే లోపల, గోడ మూలకు, ఒక్క సీసా వేరే ఉండేది. దానిలో రసం నల్లగా కాక పాత తేనె రంగులో ఉండేది. ఉప్పల్ తోటను ప్లాట్లు చేసేందుకు తీగలు నరికేసిన రోజున, ఆయనా కొత్తగా పెళ్లయిన ఆయన భార్యా గొడ్డళ్ల వెనకాలే నడుస్తూ, నేలమీద పడ్డ తెల్లద్రాక్ష గుత్తులు ఏరుకున్నారట. ఆవిడ చీర కొంగులో మూటగట్టి తెచ్చింది. తొమ్మిది సీసాలైంది. ఇంటికి స్లాబు పడ్డనాడు ఒకటి, మూతబడ్డ ఫ్యాక్టరీ తెరిచిన్నాడు ఒకటి, భార్యకు ఆపరేషనై బతికి ఇల్లు చేరిన్నాడు ఒకటి, ఇలా ముప్పై ఏళ్లలో ఎనిమిది తీశారు. ఏది ఎప్పుడు తీసిందీ అప్పటి వాన ఎండలతో సహా చెప్పేవారు. ఒక్కటి మాత్రం తప్పుగా తీశానని ఒప్పుకునేవారు. "ఎవరో పెద్దమనిషి ఇంటికి వచ్చిండని, మొహమాటానికి తీసిన. పులిసిపోయి ఉండె. సీసది గాదు తప్పు" అన్నారు.

తొమ్మిదోది బిడ్డ పుడితే తియ్యాలని మొదటే అనుకున్నారట. బిడ్డ పుట్టలేదు. ఆవిడ పోయింది. సీసా ఉండిపోయింది.

మాకూ అప్పటికి పెళ్లయి ఏడేళ్లు. మా ఆవిడ సాయంత్రాలు కిందికి వెళ్లి ఆ జాడీ కలిపిపెట్టేది. చుక్క ముట్టని మనిషికి ఆ వాసన ఎందుకు నచ్చిందో నాకు తెలీదు. జాడీకి చెవి పెట్టమని ఆయన అనడం, లోపల బుడగల చప్పుడు విని ఈవిడ నవ్వడం, మెట్ల మీద నుంచి చూసేవాణ్ని. మా ఆసుపత్రుల గోడు మొత్తం ఆయనకు తనే చెప్పుకుంది. ఒకరోజు ఆయన మా ఇద్దరినీ పిలిచి, ఆ మూల సీసా చూపించి, "గిది మీది. మీ ఇంట్ల కడుపు పండిననాడు తీస్త. మా ఇంటామె గూడ వద్దనదు" అన్నారు. మా ఆవిడ కళ్లు తుడుచుకుంది. నేను ఈ సీసాకు అట్టముక్క ఎందుకు లేదా అని చూశాను.

ఇక నా సంగతి. మా ఆఫీసుకు ముంబై నుంచి కొత్త మేనేజరొచ్చాడు. క్యాంటీన్లో వైన్ల గురించి మాట్లాడేవాడు, ఏ దేశంలో ఏది తాగాడో. వింటూ వింటూ నేను ఉండబట్టలేక "మా ఇంట్లో ముప్పై ఏళ్లది ఒకటుంది" అన్నాను. మా ఇంట్లో అనే అన్నాను. శనివారం వస్తామన్నారు, అతనూ ఇంకో ఇద్దరూ. ఆ శనివారం మా ఆవిడ మల్కాజిగిరిలో వాళ్ల అక్కయ్య ఇంటికి వెళ్తోంది. అదీ కలిసొచ్చిందనుకున్నాను.

పొద్దున కిందికి వెళ్లాను. ఆయన పెరట్లో ఉన్నారు. అక్కడ, ఆ పాత తోట నుంచి తెచ్చి నాటిన కొమ్మ ఒకటి తీగై పందిరెక్కింది. కాసే నాలుగు గుత్తులూ ఉడతలకే సరిపోయేవి. ఆఫీసువాళ్లు వస్తున్నారని చెబితే, నిరుడు చేసింది రెండు సీసాలు తీసుకుపొమ్మన్నారు. నాకు కావలసింది అది కాదు. అడిగితే ఇవ్వరని తెలుసు. అందుకని అడగలేదు. "పెదనాన్నా, ఆవిడకు నెల తప్పింది. మూడో నెల" అన్నాను.

ముందుగా అనుకుని అనలేదు అని రాసుకోవాలని ఉంది. కానీ మెట్లు దిగుతున్నప్పుడే అనుకున్నాను.

ఆయన చేతిలోని చెంబు కింద పెట్టి, తువ్వాలుతో చేతులు తుడుచుకుని, నా తల పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టారు. సాయంత్రం ప్రార్థనకు వేసుకునే తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని, సీసాను తడి గోనెలో చుట్టుకుని, చంటిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని పైకి వచ్చారు. బిడ్డ ఏదీ అని, అంటే మా ఆవిడ ఏదీ అని, అడిగారు. డాక్టరు విశ్రాంతి తీసుకోమంటే అక్కయ్య ఇంట్లో ఉందన్నాను. ఒక అబద్ధం పలికాక రెండోదానికి నోరు తడబడలేదు. ఆయన నిలబడే ప్రార్థన చేశారు. కాస్త పొడుగైంది. మేనేజరు గడియారం చూసుకున్నాడు. మైనం గీకి బిరడా తీసి, అందరికీ స్టీలు గ్లాసుల్లో పోసి, ఒక గ్లాసు మూతపెట్టి వంటింటి గట్టు మీద పెట్టారు. రేపు బిడ్డ వచ్చాక పెదవికి తడి చేస్తే చాలన్నారు.

మేనేజరు ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు. కొంచెం ఘాటుగా ఉందని, నిమ్మసోడా ఉందా అని అడిగాడు. ఉంది. ముగ్గురూ పోసుకున్నారు, ఐసుముక్కలు వేసుకున్నారు. అందరూ నా వైపు చూస్తుంటే నేనూ పోసుకున్నాను. ఆయన తన గ్లాసు పట్టుకుని గోడ పక్కన నిలబడి చూస్తున్నారు. రెండు గుక్కల్లో తాగేసి, "మీరు కానియ్యుండ్రి" అని ఖాళీ సీసా తీసుకుని దిగిపోయారు. వంటింట్లో మూతపెట్టిన గ్లాసు కూడా ఆ రాత్రికి మిగల్లేదు. ఆ సీసా రుచి ఎలా ఉందని ఎవరైనా అడిగితే నేను చెప్పలేను, నాకు తెలిసింది నిమ్మసోడా రుచే.

మర్నాడు మా ఆవిడ వచ్చిన అరగంటకు ఆయన దానిమ్మపళ్ల సంచితో పైకి వచ్చారు. గుమ్మంలోనే ఆవిడ తల మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, కడుపులోని బిడ్డ కోసం గట్టిగా ప్రార్థన చేశారు. ఆవిడకు మొదటి మాటల్లోనే అర్థమైపోయింది. తల ఎత్తలేదు, నన్ను బయటపెట్టలేదు. చివర్న "ఆమెన్" అంది. ఆయన వెళ్లాక తలుపు వేసి, దానిమ్మపళ్లు చేతుల్లో పట్టుకునే అడిగింది.

"నా కడుపు అడ్డం పెట్టుకుని సీసా తెచ్చుకున్నారా?"

నిజం చెప్పి రమ్మంది. అప్పటిదాకా నా చేతి నీళ్లు కూడా ముట్టనంది. పది రోజులు వాయిదా వేశాను. పదకొండో రోజు వెళ్లాను. ఆయన పెరట్లో జాడీలు తోముతున్నారు. చెప్పాల్సిన వాక్యం మెట్ల మీద నాలుగుసార్లు అనుకుని మరీ దిగాను. ఆయన తలెత్తి, "బిడ్డ మంచిగున్నదా?" అన్నారు. నా నోట్లోంచి వచ్చింది ఇది: "నిలవలేదు పెదనాన్నా."

ఆయన జాడీలోంచి చెయ్యి తీసి, జాడీని పక్కన పెట్టారు. తర్వాత, "తప్పు నాదే బిడ్డా. తొందరపడి తీసిన. పుట్టినంక తియ్యాల్సుండె" అన్నారు. నేను కాదనబోయాను. ఆయన తడిచేత్తోనే నా చెయ్యి పట్టుకున్నారు. "మాకు గూడ రెండుసార్లు గిట్లనే అయింది. రెండోసారి ఐదో నెల. ఎవ్వలకు చెప్పద్దని మా ఇంటామె మాట తీస్కున్నది. ఇన్నేండ్లు చెప్పలే. నువ్వు గదే తొవ్వల ఉన్నవని నీకు చెప్తున్న."

నేను ఆ చెయ్యి విడిపించుకోలేదు. చావుబతుకుల మాట ఒకటి, భార్యకిచ్చిన మాట తప్పి మరీ ఆయన నాకిస్తే, నా దొంగనోటుకు బదులుగా పుచ్చుకుని పైకి వచ్చాను. మా ఆవిడతో "చెప్పేశాను, ఏమీ అనలేదు" అన్నాను. ఆవిడ అన్నం పెట్టింది, తిన్నాను.

ఆ సాయంత్రం ఆవిడ కిందికి వెళ్తే నేను మెట్ల మలుపులో ఊపిరి బిగబట్టి విన్నాను. "మమ్మల్ని క్షమించండి పెదనాన్నా" అని ఆవిడ ఏడ్చింది. "ఏడ్వకు బిడ్డా, నేను ఏమనుకుంట? దేవుడు ఇస్తడు" అని ఆయన ఏడ్చారు. ఒకరు నా అబద్ధానికి, ఒకరు లేని బిడ్డకు. తర్వాత మూడు శుక్రవారాలు ఆయన మా కోసం ఉపవాసం ఉన్నారు. మళ్లీ ఎప్పుడైనా వాళ్లిద్దరూ తీరిగ్గా మాట్లాడుకుంటారేమోనని నాకు ఒకటే భయం. నాగారంలో మేం కొనుక్కున్న ఫ్లాట్‌కు ఇంకా రంగులు కూడా పడకముందే ముహూర్తం పెట్టించాను. నాలుగు మూలలా పసుపు పెట్టిన గృహప్రవేశం పత్రిక ఆయన చేతిలో పెట్టి, చోటు ఇరుకు, జనం ఎక్కువ అని నసిగాను. రావద్దని అర్థం చేసుకున్నారు. రాలేదు.

రెండేళ్లకు మాకు నిజంగానే పాప పుట్టింది. బారసాలకు పెదనాన్నగారిని పిలవమని మా ఆవిడ చెప్పింది. ఫోన్ కలవడం లేదన్నాను. మొదటి పుట్టినరోజుకూ కలవలేదు, అక్షరాభ్యాసానికీ కలవలేదు. నంబరు నా ఫోన్లోనే ఉంది. బిడ్డ అన్న ఆ మంచిమాటను నేను ఎప్పుడో వాడేసుకున్నాను. మళ్లీ అదే మాట పట్టుకుని ఆయన ముందుకు ఏ మొహంతో వెళ్లను? ఇలా అనుకుంటూ ఏళ్లు వెళ్లబుచ్చాను.

మేనల్లుడు ఫోన్ చేశాక వచ్చిన ఆదివారమే నాచారం వెళ్లాను. మౌలాలిలో ఉంటాడట, ఆటో నడుపుతాడు. ఇల్లు సగం సర్దేసి ఉంది. మెట్ల కింది అర్ర తలుపు తీసి ఉంది, ఇసుకలో ఒకే ఒక సీసా. అతను నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని గేటు వైపు చూశాడు.

"ఒక్కరే వచ్చిన్రా అన్నా? తప్పు అనుకోకుండ్రి, మామ మాట ఒకటున్నది. మీకు బిడ్డ పుడితెనే ఇయ్యాలన్నడు. లేకుంటె ఈడనే ఉంచమన్నడు. ఉన్నరా పిల్లలు?"

"పాప ఉంది" అన్నాను.

అతని మొహం విప్పారింది. తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు, అది ఎవరి దగ్గర నేర్చాడో చెప్పక్కర్లేదు. సీసా తీసి నా చేతుల్లో పెట్టాడు. మేం వెళ్లిపోయిన మరుసటి ఎండాకాలం, పెరటి తీగ గుత్తులకు ఉడతలు అందకుండా గుడ్డసంచులు కట్టి, ఆ కాపంతా కలిపి చేసింది అదొక్కటేనట. తేనె రంగు ఇంకా రాలేదు, లేత పసుపుగా ఉంది. "నాకు నాగారం గిరాకీ తగిలిందంటె చాలు, మావాళ్లు కనవడ్డరా అని మామ అడుగుతుండె" అని చెప్పి, మామూలుగానే అడిగాడు, "ఎన్ని నెలల పిల్ల అన్నా?"

"ఆరేళ్లు."

అతను వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నట్టున్నాడు. కోప్పడలేదు. "మామ పోయి ఇరవై దినాలే అయితున్నది అన్నా" అన్నాడు.

ఇంటికి తెచ్చాను. మా ఆవిడ సీసాను రెండు చేతులతో తీసుకుని, మెడకున్న అట్టముక్క తిప్పింది. ఒకవైపు మా గృహప్రవేశం పత్రిక, మూలన ఎండిన పసుపు. రెండోవైపు ఆయన వంకర అక్షరాలు: 'మేడమీది బిడ్డకు. పుట్టినంకనే తియ్యాలె.' రెండుసార్లు చదివింది. "పుట్టాకనే అని ఎందుకు రాశారు? అది అబద్ధమని మీరు ఆయనకు చెప్పారుగా?" అంది. నేను వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగాను. ఆవిడ మళ్లీ అడగలేదు. కానీ అప్పటి నుంచి నా వైపు చూస్తూనే ఉంది.

ఆ ప్రశ్నకు నోటితో జవాబు చెప్పే ధైర్యం లేక ఇదంతా రాశాను. రేపు పొద్దున పాప బడికి వెళ్లాక ఈ కాగితాలు ఆవిడ చేతికిస్తాను. సీసా వంటింటి అలమరలో, తడి గోనెపట్టా కింద పడుకుని ఉంది. పాప రోజూ బడి నుంచి రాగానే దాన్ని గోటితో రెండుసార్లు కొట్టి చెవి పెడుతోంది, వాళ్లమ్మ నేర్పింది. అది ఎప్పుడు తియ్యాలో, అసలు తియ్యాలో వద్దో వాళ్లిద్దరూ అనుకుంటారు. తీసిన రోజున నాకో గుక్క పొయ్యమని మాత్రం నేను అడగను.